‘పిల్లలకు ఉచితం’ అంటే సరిపోదు

డాలస్ నుంచి మెక్సికోలోని కాన్‌కూన్‌కు విమానంలో మూడు గంటల లోపే ప్రయాణం. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువులో ఉంటే మెక్సికోకు విడిగా వీసా అక్కర్లేదు. హోటల్లో దిగగానే చేతికి ఒక పట్టీ కడతారు. ఇక గది, మూడు పూటల భోజనం, పానీయాలు, ఈత కొలను, సముద్రపు ఒడ్డు, రాత్రిపూట ఆటపాటలు... దేనికీ జేబులో చెయ్యి పెట్టే పని ఉండదు. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవులకు అటు బయల్దేరుతున్నాయంటే అందుకే. ఊరి నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలనూ వెంటబెట్టుకుని వెళ్తున్నారు. వెళ్లాల్సిందే. ఆలుమగలిద్దరూ కొలువు చేస్తూ రెండేళ్ల బిడ్డను పెంచే ఇంట్లో, నాలుగు రోజులు పొయ్యి ముట్టించకుండా గడవడం చిన్న సుఖమేమీ కాదు.

ఆ నాలుగు రోజుల్లో బిడ్డ తల్లి స్థిమితంగా ఎంతసేపు కూర్చుందన్నదే అసలు లెక్క. చాలా కుటుంబాల్లో ఆ లెక్క నిరాశే మిగులుస్తుంది. వంట పని తప్పుతుంది కానీ తినిపించే పని తప్పదు. ఇంట్లో అయితే ఒక గదికి తలుపు వేసి బిడ్డను వదలవచ్చు. ఇక్కడ గడప దాటితే నీళ్లు, మెట్లు, నున్నటి గచ్చు, ఎండ. హోటళ్లు రెండు మూడేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా డబ్బు తీసుకోవు. డబ్బు తీసుకోని ఆ బిడ్డ గురించి ఆలోచించడం కూడా మానేశాయి. ఇది సహజమైన ఇబ్బందేమీ కాదు. హోటళ్లు దిద్దుకోగలిగిన లోపం, దిద్దుకోవాల్సిన లోపం.

అన్నీ కలిపి ఒకే ధరకు అమ్మే ఈ తరహా విడిది పుట్టినప్పుడు పరిస్థితి ఇలా లేదు. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని స్కెగ్‌నెస్‌లో బిల్లీ బట్లిన్ 1936లో తన మొదటి హాలిడే క్యాంపు తెరిచాడు. అంతకుముందు సముద్రతీరంలో అద్దె గదుల్లో దిగిన కుటుంబాలను ఇంటివాళ్లు పొద్దున్నే బయటికి పంపేసి సాయంత్రం దాకా లోపలికి రానిచ్చేవారు కాదు. వాన పడితే పిల్లాపాపలతో తడుస్తూ వీధుల్లో తిరగాల్సిందే. అది కళ్లారా చూసిన బట్లిన్, ఒక వారం జీతం ఖర్చుతో వారం రోజుల సెలవు అంటూ గదీ తిండీ వినోదమూ కలిపి అమ్మాడు. అతని క్యాంపుల్లో సిబ్బంది రాత్రిపూట గదుల వరుసల వెంట తిరుగుతూ చెవి ఒగ్గి వినేవారు. ఏ గదిలోనైనా పసిబిడ్డ ఏడిస్తే ఆ గది నంబరు డాన్సు హాల్లో బోర్డు మీద పడేది. తల్లో తండ్రో లేచి పరుగెత్తేవారు. బిడ్డను గదిలో ఒంటరిగా పడుకోబెట్టి రావడానికి ఈనాటి తల్లిదండ్రులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అయినా అందులో గౌరవించాల్సిన సంగతి ఒకటుంది. బిడ్డ ఏడుపు వినిపించుకోవడం విడిది నడిపేవాడి పని అని అతను అనుకున్నాడు.

తర్వాత దారి మారింది. బెల్జియంకు చెందిన వాటర్ పోలో ఆటగాడు జెరార్డ్ బ్లిట్జ్ 1950లో స్పెయిన్ దీవి మయోర్కాలో గుడారాలు వేసి క్లబ్ మెడ్ మొదలుపెట్టాడు. ఆ సంస్థ 1967 నాటికి పిల్లల కోసం మినీ క్లబ్ ఏర్పాటు చేసింది. నెలల పిల్లలకూ రెండు మూడేళ్లవాళ్లకూ విడివిడి క్లబ్బులు దాని విడుదుల్లో కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నాయి. కరీబియన్‌లో మాత్రం ఈ వ్యాపారం జంటల కోసం పెరిగింది. జమైకాలో బుచ్ స్టువర్ట్ 1981లో తెరిచిన శాండల్స్ అచ్చంగా జంటలదే. అదే సంస్థ కుటుంబాల కోసం బీచెస్ అనే పేరుతో వేరే హోటళ్లు తెరిచేసరికి 1990ల చివర్లోకి వచ్చేశాం. కాన్‌కూన్ అయితే మెక్సికో ప్రభుత్వం పనిగట్టుకుని కట్టించిన ఊరు. జాలర్ల గుడిసెలు కొన్ని తప్ప ఏమీ లేని ఇసుక దిబ్బ మీద మొదటి హోటళ్లు 1974లో తెరుచుకున్నాయి. బారు చుట్టూ కొలను, కొలను చుట్టూ కుర్చీలు అన్న నమూనాయే అక్కడ స్థిరపడింది. కుటుంబాలు తర్వాత వచ్చి ఆ నమూనాలోనే సర్దుకున్నాయి. పిల్లల క్లబ్బు ఉందని ప్రకటనలో పెద్ద బొమ్మ వేస్తారు. తీరా వెళ్లాక నాలుగేళ్లు నిండినవాళ్లనే తీసుకుంటామంటారు, డైపర్ మానేసి ఉండాలంటారు. రెండేళ్లవాడికి అక్కడ చోటు లేదు.

తిండి సంగతి కాస్త దగ్గరగా చూడాలి. సాయంత్రం ఆరు కాకముందే పసివాడికి ఆకలి. బఫే తలుపులు ఇంకా తెరవలేదు. తెరిచాక తండ్రి పళ్లెంలో తెల్లన్నం, పెరుగు, అరటిపండు తెస్తాడు. పక్కనే నల్ల చిక్కుడు గింజలు మెత్తగా ఉడికించి పెట్టి ఉంటాయి. మన ముద్దపప్పులా కనిపించే ఆ గింజలు అన్నంలో కలిపి పెడితే తెలుగింటి పిల్లలు ఇష్టంగా తింటారు. మొక్కజొన్న రొట్టె ముక్క చేతికిస్తే చపాతీ అనుకుని నములుతారు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మెదిపి వేయించిన చిక్కుళ్లలో పంది కొవ్వు వేయడం మెక్సికో వంటలో పాత అలవాటు. దాన్ని స్పానిష్‌లో మాంతేకా అంటారు. అన్నం కోడి రసంతో ఉడికించి ఉండవచ్చు. శాకాహారులు ‘సిన్ మాంతేకా?’ అని వంటవాణ్ని అడిగి తీరాలి. అడిగితే ముఖం చిట్లించుకునేవాళ్లు అరుదు. చాలామంది ఏది ఎలా వండారో చెబుతారు. కాన్‌కూన్ హోటళ్ల సిబ్బందికి చిన్నపిల్లలంటే ఉన్న ప్రేమ చూసి మన అమ్మమ్మలు మురిసిపోతారు. ఏడుస్తున్న బిడ్డను చూసి కసురుకునే వెయిటర్ అక్కడ దాదాపు కనపడడు. లోటు మనుషుల్లో లేదు, ఏర్పాట్లలో ఉంది. అయిదింటికి పసిపిల్లల కోసం నాలుగు వంటకాలు వేడిగా పెట్టడానికి వంద రకాలు వండే వంటశాలకు కష్టమేముంటుంది?

తిండి తర్వాత నీళ్లు, మందులు. తాగే నీళ్లు, పాలపొడి కలిపే నీళ్లు, పళ్లు తోమే నీళ్లు కూడా సీసావే వాడాలి. ఓఆర్ఎస్ పొట్లాలు, థర్మామీటరు, బిడ్డ బరువుకు తగ్గ మోతాదు రాయించుకున్న జ్వరం మందు ఇంటి నుంచే తీసుకెళ్లాలి.

ఇక కొలను. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం నీట మునగడమేనని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ చెబుతోంది. 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారనీ, వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ల లోపు పిల్లలేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మునిగే పసిబిడ్డ కేకలు వేయదు, చేతులూపి పిలవదు. ఆ వయసులో తల బరువు ఎక్కువ. ముందుకు తూలితే తిరిగి లేవలేదు. నోరు నీళ్లలో ఉన్నప్పుడు అరుపు రాదు. పక్కనున్నవాళ్లకు ఏ అలికిడీ లేకుండానే నిమిషాల్లో అంతా అయిపోతుంది.

కొలను గట్టున గొడుగు కింద ఆరుగురు పెద్దవాళ్లు. తండ్రి తువాళ్లు తేవడానికి వెళ్లాడు. తల్లి టోపీ కోసం సంచి వెతుకుతోంది. తాతయ్య ఊళ్లో ఉన్న తమ్ముడికి వీడియో కాల్‌లో సముద్రం చూపిస్తున్నారు. బాబాయి చేతిలో గ్లాసు. అత్తయ్య పెద్దపిల్లకు జడ వేస్తోంది. అమ్మమ్మ బిడ్డను చూస్తూనే ఉన్నా, ఆమెకు ఈత రాదు. నీళ్లలోకి దిగే బట్టలూ కట్టుకోలేదు. ‘ఇంతమందిమి ఉన్నాం కదా’ అన్న ధీమా అందరిలోనూ ఉంది. కాపలా మాత్రం ఎవరికీ అప్పగించలేదు. తోవ ఇసుకలో మొదలై మెట్లు లేకుండా వాలుగా నీళ్లలోకి జారే కొలనుల్లో, చీలమండ లోతు నుంచి ఛాతీ లోతుకు పసివాడు తప్పటడుగులతోనే వెళ్లిపోతాడు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. ఈత వచ్చిన ఒక పెద్దమనిషి, పేరు పెట్టి చెప్పిన వంతు, పదిహేను ఇరవై నిమిషాలు. ఆ కాసేపు ఫోను పక్కవాళ్ల చేతికి ఇచ్చేయాలి, మద్యం ముట్టకూడదు, బిడ్డ చేతికందే దూరంలో నీళ్లలోనే ఉండాలి. వంతు ముగిశాక ‘ఇప్పుడు నువ్వు చూడు’ అని నోటితో చెప్పి, ‘చూస్తున్నా’ అని జవాబు విన్నాకే కదలాలి. చేతికందే దూరం అన్నది అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సలహా. గాలి ఊదిన చేతి తొడుగులు, బాతు బొమ్మ ట్యూబులు ఆటవస్తువులే తప్ప ప్రాణం నిలిపేవి కావు. బిడ్డ కొలతకు సరిపోయే అసలైన లైఫ్ జాకెట్ ఇంటి నుంచి తీసుకెళ్లాలి. ఈ వంతుల్లో తండ్రులది సగం కాదు, ఎక్కువే ఉండాలి. ఏడాది పొడుగునా రాత్రి లేచింది తల్లి కాబట్టి, సెలవులో ఆమె పుస్తకం పట్టుకుని నీడలో పడుకోవడం ఆమె హక్కు. అమ్మమ్మ, తాతయ్యలను ఆయాలుగా మార్చే అలవాటు కూడా మానాలి. వాళ్లు వేల మైళ్లు దాటి వచ్చింది మనవడితో ఆడుకోవడానికి, అతనికి కాపలా కాయడానికి కాదు.

కుటుంబాల బాధ్యత అంతవరకు. ‘పిల్లల్ని చూసుకోవాల్సింది తల్లిదండ్రులే’ అని బోర్డు పెట్టి హోటళ్లు చేతులు దులుపుకోవడం మాత్రం సరికాదు. ఆ కొలనును అలా కట్టింది వాళ్లు, దాని మధ్యలో బారు పెట్టి రోజంతా ఉచితంగా పోసేది వాళ్లు. ఇంటి కొలనుకు నాలుగు వైపులా కనీసం నాలుగడుగుల కంచె, దానంతటదే మూసుకునే గేటు ఉండాలని అదే వైద్యుల అకాడమీ చెబుతుంది. వందలమంది తిరిగే హోటల్ కొలనుకు మాత్రం నాలుగు వైపులా కుర్చీలే. చాలాచోట్ల లైఫ్‌గార్డు లేడన్న పలకే కనిపిస్తుంది. కనీసం పసిపిల్లల కొలనుకైనా కంచె వేసి ఒక మనిషిని పెట్టడం ఆ స్థాయి హోటళ్లకు భారం కాదు. ఇప్పుడు కొత్త మోజు ఒకటి వచ్చింది. గది వెనక తలుపు తీస్తే నేరుగా నీళ్లలోకి దిగే స్విమ్-అప్ గదులు. తలుపు గడియ అందుకోగలిగిన బిడ్డ ఉన్న ఇంటివాళ్లకు ఆ గది అమ్మడమే తప్పు. ఎంత తగ్గింపు ధర చెప్పినా తీసుకోవద్దు.

సముద్రం సంగతి సీజన్‌ని బట్టి ఉంటుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మెక్సికో కరీబియన్ తీరానికి సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు గుట్టలుగా కొట్టుకొస్తుంది. కుళ్లితే కోడిగుడ్డు మురిగిన వాసన, ఆ గాలికి కొందరికి గొంతులో మంట. జూన్ నుంచి నవంబరు వరకు తుపాన్ల కాలం. ఎండ ఎప్పుడూ తీవ్రమే. ఎస్పీఎఫ్ 30కి తగ్గని క్రీము రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చాక మళ్లీ రాయాలి. మధ్యాహ్నం బిడ్డ నిద్రపోయే వేళ గదిలో ఉండిపోవడమే మంచిది. పట్టీకి డబ్బు కట్టామని ప్రతి గంటనూ వసూలు చేసుకోవాలనుకుంటే పసివాడు సాయంత్రానికి పేచీ మొదలుపెడతాడు, అందరి సరదా పోతుంది.

ఈ మాటలు కాన్‌కూన్ వెళ్లేవాళ్లకే కాదు. ఆంధ్రప్రదేశ్‌కు వెయ్యి కిలోమీటర్లకు అటూఇటూగా తీరం ఉంది. శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు విశాఖ రుషికొండకు 2020లో వచ్చింది. బాపట్ల సూర్యలంకకు వారాంతాల్లో హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరుతున్నాయి. తీరం పొడవునా కొత్త రిసార్టులకు అనుమతులు ఇచ్చేటప్పుడే పసిపిల్లల కొలనుకు కంచె, శిక్షణ పొందిన లైఫ్‌గార్డు ఉండాలన్న షరతు పెడితే ఆనక విచారణ కమిటీలు వేసే అవసరం రాదు. కట్టడం పూర్తయ్యాక కంచె వేయించడం ఎంత కష్టమో పురపాలక అధికారులకు వేరే చెప్పనక్కర్లేదు.

హోటల్‌కు డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఫోన్ చేయండి. పిల్లల కొలనుకు కంచె ఉందా, లైఫ్‌గార్డు ఏ వేళల్లో ఉంటాడు, రెండేళ్లవాడిని మీ క్లబ్బు తీసుకుంటుందా, సాయంత్రం అయిదున్నరకు వేడి అన్నం దొరుకుతుందా అని అడగండి. తిన్నగా జవాబు చెప్పని చోటికి వెళ్లకండి. ఎందుకు వెళ్లడం లేదో వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి.