కేబులు రెండవ కొన

కెనడాలోని వాన్ నగరపు క్రొత్త వీధులలో కరెంటు స్తంభాలు అంతగా కనబడవు. 27.6 కిలోవోల్టుల విద్యుత్తు నేల క్రింది కేబుళ్ళలో సాగి ఇళ్ళ ముందరి ఆకుపచ్చ పెట్టెలకు చేరుతుంది. ఈ పంపిణీ 2017లో ఏర్పడిన అలెక్ట్రా సంస్థది.

ఇటువంటి కేబులు పటుత్వాన్ని పరీక్షించడానికి పది సెకన్లకొక ఆవృత్తి గల హెచ్చు వోల్టేజిని దానిపై ప్రయోగిస్తారు. మామూలు 60 హెర్ట్జ్‌లతోనైతే అదే వోల్టేజికి 600 రెట్ల కరెంటు కావలసి వచ్చేది. అంతటి యంత్రాన్ని వీధిలోకి తేవడం దుస్సాధ్యం. నేడు ఆపరేటరు దూరాన నిలిచి, చేతిలోని పెట్టెతోనే యంత్రాన్ని నడుపుతున్నాడు. మెచ్చదగిన మార్పే.

అయితే ఆ దూరం కాపాడేది అతనిని మాత్రమే. కేబులు రెండవ కొన మరో వీధిలో, తెరచిన పెట్టెలో ఉంటుంది. అక్కడికెవరు వచ్చారో రిమోటుకు తెలియదు. చుట్టూ కంచె కట్టి, రేడియోతో ఒక మనిషిని నిలపవలసిందే. ఖర్చు మిగులుతుందని ఆ మనిషిని తగ్గించడం సాహసం కాదు, అపరాధం.

మీట ఆపితే ప్రమాదం ఆగదు. కిలోమీటరు కేబులు ధారిత పావు మైక్రోఫారడ్ అనుకుంటే, 30 కిలోవోల్టుల వద్ద అందులో 110 జౌళ్ళకు పైగా శక్తి నిలిచి ఉంటుంది. లయ తప్పిన గుండెకు వైద్యులిచ్చే విద్యుద్ఘాతంతో అది పోల్చదగినది! పైగా ఒకసారి ఎర్తు తగిలించి తీసేస్తే, ఇన్సులేషనులో దాగిన ఆవేశం మెల్లగా తిరిగి పైకి వస్తుంది. అందుకే డిశ్చార్జి రాడ్‌తో ఆవేశాన్ని దింపాక కూడా, పని ముగిసేవరకు ఎర్తును తీయరాదు. రిమోటు మీట ఈ పనికి బదులు కాజాలదు.