ఆదోని పత్తియు లోకపు తక్కెడయు

సంక్రాంతి నాటికి మన తరగతులలో కొన్ని బల్లలు ఖాళీ యగుచుండుట విద్యార్థులెల్లరు నెరిగినదే. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయము ప్రాంతముల పల్లెలనుండి కుటుంబములు సుగ్గికి బయలుదేరి, మిరపకాయలు కోయుటకును పత్తి తీయుటకును గుంటూరు సీమకు బోవుచుండును. తలిదండ్రుల వెంట పిల్లలును బోవుదురు. హాజరుపట్టీలో వారి పేళ్ల కెదురుగా సున్నలు నిలుచును.

ఇందులకు వానలు లేకపోవుట కారణమని కొందరు, సోమరితనము కారణమని కొందరు చెప్పుచుందురు. వానల కొరత నిజమే. ఊరుగాని యూరికి బోయి, ప్రొద్దు పొడిచినది మొదలు క్రుంకువరకు వంగి కోత కోయువారిని సోమరు లనుట మాత్ర మన్యాయము. మేము చెప్పదలచిన కారణము మరియొకటి గలదు. అది మన పొలిమేరలలో కానరాదు; పత్తి తూగెడు తక్కెడలో నున్నది.

ఆదోని పత్తి వ్యాపారము నేటిది కాదు. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా ఇంగ్లండు మిల్లులకు దూది కరవయ్యెను. ఆదోని యప్పుడు బళ్లారి జిల్లాలోనిది. ఈ సీమ పత్తికి మున్నెన్నడు లేని ధర పలికెను. యుద్ధము ముగియగానే ధర పడిపోయెను. మన రైతు విత్తిన గింజ మారలేదు. అతడు పడిన పాటు తగ్గలేదు. వేల మైళ్ల దూరమున తుపాకులు మ్రోగినందున ధర హెచ్చెను, అవి మ్రోగుట మానినందున తగ్గెను.

నేడు తుపాకుల స్థానమున ఖజానాలు నిలిచినవి. అమెరికా వంటి ధనిక దేశములు తమ పత్తి రైతులకు విశేష ధనసహాయము చేయుచు వచ్చినవి. ధర పడిపోయినను అచ్చటి రైతు సాగు మానడు. అతని సరకు లోకపు విపణిలో నిండిన కొలది ధర మరింత దిగును. వెనుక అట్టి ఖజానా లేని రైతు ఆ నష్టమును తానే మోయవలెను. 2003లో ఆఫ్రికాలోని బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి యను నాలుగు దేశములు కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ యెదుట ఈ మొరనే పెట్టుకొన్నవి. బ్రెజిల్ 2002లోనే అమెరికాపై వ్యాజ్యము వేసి, 2005లో అప్పీలునందును గెలిచి, తుదకు 2014లో 30 కోట్ల డాలర్లకు రాజీపడెను. పేదదేశములు నాలుగింటికి అట్టి ఫల మందలేదు. న్యాయము పుస్తకములో నున్నంత మాత్రమున చాలదు. దానిని చదివి, లెక్క కట్టి, వాదింపగలవాడు కావలెను.

ధనిక దేశములు దానము చేయుట లేదా యని యడుగవచ్చును. చేయుచున్నవి. ఆ దానమువలన వెలసిన ఆసుపత్రులను, పాఠశాలలను మేము మరువము. కాని తమ జాతీయాదాయములో నూటికి 0.7 వంతు పేదదేశముల కిచ్చుటయను లక్ష్యమును ఐక్యరాజ్య సమితి 1970లోనే నిర్ణయింపగా, దానిని నిలుపుకొన్న దేశములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. 2025లో అమెరికా తన విదేశ సహాయ సంస్థనే మూసివేసెను. దానము దాత మనస్సు ననుసరించి యుండును. తూకము సరిగా నుండిన యెడల రైతు ఎవరి మనస్సును కనిపెట్టి యుండ నక్కర లేదు.

అయినను తప్పంతయు పరదేశములదే యనుట మా మతము కాదు. 2025 ఆగస్టులో మన ప్రభుత్వమే విదేశపు దూదిపై నున్న నూటికి 11 వంతుల సుంకమును కొంతకాలము ఎత్తివేసెను. మిల్లులవారు సంతసించిరి, పత్తి రైతులు చింతించిరి. నూలు చౌక కావలెనని నేతగాడు కోరును. పత్తికి ధర కావలెనని రైతు కోరును. ఇరువురును పేదలే. ఒకరి కడుపు కొట్టి మరియొకరి కడుపు నింపుట ధర్మము కాదు.

మరి మార్గమేది? మనకు చేరువనే యొక దృష్టాంతము గలదు. 1938లో ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు నేతపనివారి సహకార సంఘమును స్థాపించిరి. ఒంటరి నేతగాడు వర్తకుడు చెప్పిన ధరకు తల యూపవలసినదే. పలువురు కూడినచో ధర తామును చెప్పగలరు. 1954లో భారత ప్రభుత్వ మాయనకు పద్మశ్రీ బిరుద మిచ్చి గౌరవించెను. ఒక్క యూరి నేతగాండ్రకు పనికివచ్చిన యీ నీతి దేశములకును పనికివచ్చును. ఆఫ్రికా దేశములు నాలుగును కలిసి మొర పెట్టుటలో నున్న బలమిదియే.

కాని యట్లు కూడుటకు లెక్క తెలిసినవారు కావలెను. లెక్క నేర్చుటకు బల్లమీద కూర్చుండవలెను. కావున తలిదండ్రులకు మా విన్నపము: సుగ్గికి బోవువారు పిల్లలను అవ్వతాతల యొద్దనో, అట్టి పిల్లలకై ప్రభుత్వము నడపు వసతిగృహములు తెరచియున్న యెడల అందులోనో విడిచి వెళ్లుదురు గాక. ఊరిలో కలిగినవారు అట్టి బంధువుల బిడ్డల నొక్కరినైనను ఆ మూడు నాలుగు నెలలు తమ యింట నుంచుకొందురు గాక. ఉపాధ్యాయులు తిరిగివచ్చిన పిల్లలను మందలింపక, తప్పిన పాఠములను మరల చెప్పుదురు గాక. విద్యార్థులారా, మీ ప్రక్కనున్న బల్ల ఖాళీగా నుండుట చూచి, చోటు దొరకినదని సంతోషింపకుడు. ఆ చోటు మీ స్నేహితునిది; అతడు తిరిగి వచ్చువరకు అతని వంతు పాఠమును మీరు వ్రాసియుంచుడు.