రెండో ప్రశ్న

బీటెక్ సెకండియర్‌లో మా కాలేజీ యూత్ పార్లమెంట్ టీంకి ఎంపికయ్యా. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ పెట్టే పోటీ అది. 1966-67లో ఢిల్లీ స్కూళ్లలో మొదలై, 1997-98లో యూనివర్సిటీలు, కాలేజీలకీ వచ్చింది. ప్రమాణ స్వీకారం, ప్రశ్నోత్తరాలు, బిల్లు... అచ్చం పార్లమెంటే.

టీంలో యాభై మంది. నాకు తెలిసినవాళ్లు సున్నా. తెలుగు మీడియం వాణ్ని, నోరు విప్పితే నవ్వుతారేమోనని భయం. రిహార్సల్ అవ్వగానే ఫోన్ చూసుకుంటూ హాస్టల్‌కి జారుకునేవాణ్ని.

ఓ రోజు సార్ చెప్పారు: "నక్షత్రం గుర్తున్న ప్రశ్నకి మంత్రి సభలో నోటితోనే జవాబివ్వాలి. దానిమీద అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. గుర్తు లేని ప్రశ్నకి కాగితం మీద జవాబు. అంతటితో సరి."

ఆ సాయంత్రం మా 'విద్యామంత్రి'ని అడిగా, "మీదే ఊరు?" అని.

"కదిరి."

మామూలుగా అయితే "ఓకే" అనేసి వెళ్లిపోయేవాణ్ని. ఈసారి ఆగి, "అంత దూరం నుంచి ఇక్కడికెందుకొచ్చారు?" అన్నా. టీ చల్లారిపోయేదాకా చెప్పింది. తనదీ తెలుగు మీడియమేనట. రోజూ అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తుందట!

మాకు ప్రైజ్ రాలేదు.

పోయినేడాది నా ఉద్యోగం పోయిన రాత్రి చాలామంది "ఎలా ఉన్నావ్?" అని మెసేజ్ పెట్టారు. అందరికీ "బాగానే ఉన్నా" అని కొట్టా. వెంటనే ఫోన్ చేసి "నిజం చెప్పు, అన్నం తిన్నావా?" అని అడిగింది మాత్రం మా మంత్రిగారే.

మీరూ ఇవాళ ఎవరినైనా రెండో ప్రశ్న అడిగి చూడండి.