'బహుశా' ఎక్కడికి పోయింది?

'వేడి చాయ్‌తో క్యాన్సర్!'

2016 జూన్‌లో ప్రపంచమంతా పేపర్లలో ఇలాంటి హెడ్డింగులే. అది అక్షరాలా నిజమైతే మర్నాటికల్లా చార్మినార్ చుట్టుపక్కల ఇరానీ హోటళ్లన్నిటికీ తాళాలు పడాలి. ఏం పడ్డాయి? నిమ్రాలో కప్పు చేతికందాలంటే ఇవాళ్టికీ జనాన్ని తోసుకుని వెళ్లాల్సిందే.

పోనీ వార్త అబద్ధమా అంటే, అదీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్న మాట ఏమిటంటే, 65 డిగ్రీలు దాటిన వేడితో ఏది తాగినా అన్నవాహికకు క్యాన్సర్ 'బహుశా' రావచ్చని. అంటే నేరం చాయ్‌ది కాదండీ, సెగది. పైగా ఆ 'బహుశా' సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుందే తప్ప ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. హెడ్డింగులో చోటు చాలక మొదట ఎగిరిపోయేది పాపం ఆ మాటే!

అన్నట్టు, అదే రోజు కాఫీ కేసు కొట్టేశారు. మూత్రాశయ క్యాన్సర్ అనుమానితుల జాబితాలో 1991 నుంచీ పాతికేళ్లు నిలబడ్డ కాఫీని ఆధారాలు చాలవంటూ తప్పించారు. ఇన్నేళ్లూ ఇంట్లో వాళ్ల సాధింపులు భరిస్తూ ఫిల్టర్ దించుకున్న తాతయ్యలు పరువునష్టం దావా వేయొచ్చు.

ఇంకో తమాషా. పొగలు కక్కే టీ మీద సాక్ష్యం చెప్పిన దేశాల్లో ఇరాన్ కూడా ఉంది. మన ఊరికి ఇరానీ హోటల్‌ను ఇచ్చిన దేశమే! దాంతోపాటు సాసర్ కూడా వచ్చింది కాబట్టి బతికిపోయాం. సాసర్‌లో ఒంపగానే చాయ్ పల్చగా పరుచుకుంటుంది, గాలి తగిలే మేర పెరుగుతుంది, వేడి చప్పున దిగుతుంది. జుర్రుమని తాగితే 'ఏమిటా మోత' అని కసిరే పెద్దలు ఇకనైనా ఊరుకోవాలి.

ఇదంతా నవ్వులాట. కానీ 'బహుశా' మాయమైతే నవ్వులాట కాని సందర్భాలూ ఉన్నాయి. అందులో ఒకటి మన ఊరిదే. చార్మినార్ నుంచి మదీనా మీదుగా నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్. అక్కడి ఆస్పత్రిలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఉండేవారు. అప్పట్లో ఆపరేషన్‌కు మత్తు అంటే క్లోరోఫామ్. 1848లోనే ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల, కాలి గోరు తీయించుకోవడానికి వెళ్లి ఆ మత్తులోనే ప్రాణం వదిలింది. ఇలాంటి చావుల్లో ముందు ఆగేది ఊపిరా, గుండెా? డాక్టరు దేన్ని కనిపెట్టుకుని ఉండాలన్నది దీనిమీదే ఆధారపడింది.

ఊపిరే అన్నారు లారీ. 1888లో కుక్కల మీద పరీక్షలు చేయించారు. లండన్ వైద్య పత్రిక 'లాన్సెట్' నమ్మలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లిచ్చి 'మీ మనిషినే పంపండి' అంది. 1889లో లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు వచ్చారు. గుండెకూ ముప్పుందని నమ్మే మనిషి ఆయన. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు... నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలయ్యాక ఆయనా లారీ పక్షానికి వచ్చేశారు. క్లోరోఫామ్‌తో నేరుగా గుండెకు ఏ ముప్పూ లేదని హైదరాబాద్ నుంచి టెలిగ్రామ్ వెళ్లింది. అందులో 'బహుశా' లేదు!

చావులు మాత్రం ఆగలేదు. 1911లో లెవీ అనే డాక్టరు పిల్లుల మీద పరీక్షించి గుట్టు విప్పారు. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడే గుండె ఒక్కసారిగా అదిరి, లయ తప్పి, ఆగిపోతోంది. జాగ్రత్త కదా అని కాస్తే ఇచ్చిన మత్తే కొన్నిసార్లు ప్రాణం తీస్తోందన్నమాట. ఇది తెలియడానికి మధ్యలో 22 ఏళ్లు గడిచాయి.

అలాగని లారీ చేసిందంతా వృథా కాదు. ఊపిరిని కనిపెట్టుకుని ఉండమన్న మాట అప్పుడూ మంచిదే, ఇప్పుడూ మంచిదే. పరీక్షలు బాగానే జరిగాయి. చిక్కల్లా 'ఈ కుక్కల్లో మాకు కనబడినంత వరకు' అనాల్సిన చోట 'ఏ ముప్పూ లేదు' అనడంతోనే వచ్చింది.

అందుకని రేపు 'ఫలానాది తింటే మతిమరుపు', 'ఫలానాది తాగితే నూరేళ్లు' అని కనబడగానే గాభరాపడి వంటింటి డబ్బాలు పారేయకండి, సంబరపడి బజారుకూ పరుగెత్తకండి. లోపలి పేరాల్లో 'బహుశా' ఎక్కడ నక్కిందో చూడండి. పరీక్ష మనుషుల మీదా, ఎలుకల మీదా? ఎందరి మీద, ఎన్నేళ్లు? ఇంత చూసేసరికి కప్పులో చాయ్ ఎలాగూ 65 డిగ్రీల కిందికి దిగుతుంది.

'రోజూ బిర్యానీ తింటే ఆయుష్షు' అని వచ్చిన రోజున మాత్రం ఈ సలహా వర్తించదు. లోపలి పేరాలు తర్వాత చదువుకోవచ్చు, ముందు మదీనాకు పదండి!