కాలినడకన మల్లెల తీర్థం

అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రలోని ప్రవరుని కథ మీలో చాలామంది వినే ఉంటారు. సిద్ధుడు ఇచ్చిన పసరు పాదాలకు పూసుకొని అతడు క్షణాలలో హిమాలయానికి చేరుకొన్నాడు. మంచునీటికి ఆ పసరు కరిగిపోయింది. నడిచి వెళ్ళిన దారి లేదు కనుక తిరిగివచ్చే దారీ అతనికి తెలియలేదు. పాతికేళ్ళకు పైగా ఈ కథను పాఠంగా చెబుతున్నాను. అయినా నడవకుండా చేరిన చోటు మనకు నిజంగా తెలిసినట్లు కాదన్న సంగతి మాత్రం మొన్నటి కార్తిక మాసంలో నల్లమల అడవిలో నడిచినప్పుడే నాకు బోధపడింది.

మేము నాగోలు వాసులం. మూసీ వంతెన దాటేటప్పుడు ముక్కు మూసుకోవడం మా ఇంటి పిల్లలకు అలవాటు. నీరు అనగానే వారికి మొదట గుర్తుకు వచ్చేది ట్యాంకరు. పారే నీటిని వారికి ఒకసారి చూపించాలనే కోరికతో మా అమ్మను, నా భార్యను, ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయిని, ఎనిమిదేళ్ళ మా తమ్ముడి కొడుకును వెంటబెట్టుకొని తెల్లవారుజామున బయలుదేరాను. ఎల్.బి.నగర్ మీదుగా తుక్కుగూడ చేరి శ్రీశైలం రహదారి పట్టాము. కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటి మన్ననూరు చేరేసరికి అడవి మొదలయింది. వటవర్లపల్లి దగ్గర రహదారి విడిచి లోపలికి కొన్ని కిలోమీటర్లు వెళ్ళిన తరువాత మల్లెల తీర్థానికి దిగే మెట్లు కనిపించాయి. సుమారు 350 మెట్లు. పసివారు సైతం సులభంగా దిగగల దారి.

మా నడక వేగాన్ని నిర్ణయించింది డెబ్బై ఎనిమిదేళ్ళ మా అమ్మ. ఆమె ఆగినచోటల్లా మేమూ ఆగాము. ఆగినప్పుడల్లా ఆమె ఒక చెట్టును పేరు పెట్టి పలకరించింది. ఇది తునికి, అది నల్లమద్ది, ఆ పక్కన ఉన్నది ఏగిస అని చెబుతూ పోయింది. వృక్షశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకొన్న మా అమ్మాయికి వాటిలో ఒక్కటీ తెలియదు. ఆమెను ఏమని అనగలను? ప్రబంధాలలోని వనవర్ణనలపై గంటల తరబడి ఉపన్యసించే నాకూ తెలియదు. బడికి వెళ్ళని మా అమ్మకు తెలిసిన అడవి, డాక్టరేటు పొందిన నాకు కేవలం పదాల జాబితా. ఆ మెట్ల మీద నేను నిజంగా సిగ్గుపడ్డాను.

క్రింద, పెద్ద బండల నీడలోకి నీరు చల్లగా జాలువారుతున్నది. వేసవిలో సన్నగిల్లే ఈ ధార వానకాలం వెళ్ళిన కొన్ని నెలలపాటు నిండుగా ఉంటుంది. ఇక్కడి నీరు సాగి సాగి కృష్ణానదిలో కలుస్తుంది. అయితే ఆ నీటి చప్పుడు మాకు వినిపించలేదు. మాకంటే ముందు వచ్చిన ఒక బృందం స్పీకరు పెట్టి చిందులు వేస్తున్నది. బండల సందులలో ప్లాస్టిక్ సీసాలు, పళ్ళాలు ఇరుక్కొని ఉన్నాయి. ఒక చెంచు యువకుడు మాటామంతీ లేకుండా వాటిని ఏరి గోనెసంచిలో వేస్తున్నాడు. మా తమ్ముడి కొడుకు అతని దగ్గరికి వెళ్ళి, “అన్నా, ఇవన్నీ నీవేనా?” అని అమాయకంగా అడిగాడు. అతడు నవ్వి, “నావి కావు తమ్మీ. మీ పట్నం నుంచి వచ్చినయి” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే అది మరింత సూటిగా తగిలింది.

ఇలాంటివి చూసినవారు, పట్టణవాసులను అడవిలోకి రానీయకపోవడమే మేలని అంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఇది పులుల నెలవు. చెంచులు తరతరాలుగా బ్రతుకుతున్న చోటు. వన్యప్రాణుల క్షేమం కోసం ఈ రహదారిపై రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు వాహనాలను నిలిపివేస్తారు. అయినా నేను ఆ వాదంతో పూర్తిగా ఏకీభవించలేను. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు స్థానికులు ఎదిరించారు. పట్టణాలలో ఉన్న ఎందరో వారికి తోడుగా గొంతెత్తారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. అడవి ఎన్నడూ ఎరుగని తరం రేపు ఇటువంటి వేళ గొంతెత్తుతుందా? తెలియని దానిపై మమకారం పుట్టదు. మమకారం లేనిదానిని ఎవరూ కాపాడరు.

కనుక వెళ్ళవలసిందే. అయితే యజమానులవలె కాదు, అతిథులవలె వెళ్ళాలి. అనుమతి ఉన్న చోటికి, అనుమతి ఉన్న వేళలోనే వెళ్ళాలి. ఇంటిల్లిపాదిలో నెమ్మదిగా నడిచేవారి అడుగును అనుసరించాలి. తీసుకువెళ్ళిన ప్రతి వస్తువునూ తిరిగి తేవాలి. దారిలో కోతులకు కారులోంచి పండ్లు విసరడం పుణ్యమని కొందరు భావిస్తారు. ఆ తిండికి మరిగి అవి రోడ్డెక్కి చక్రాల క్రింద పడుతున్నాయి. జారుడు బండలపై సెల్ఫీల కోసం సాహసాలు చేయడం కన్నవారికి కడుపుకోత మిగిల్చే పని.

అంత దూరం పోలేనివారికి వనస్థలిపురం దగ్గరే మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. ఒకప్పుడు నిజాముల వేటస్థలమైన ఆ అడవికి, మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరాన్ని పురస్కరించుకొని 1975లో ఆయన పేరు పెట్టారు. కృష్ణజింకలకు అది ఆశ్రయం. అక్కడ జలపాతం లేకపోవచ్చు. కాని నడకకు, పెద్దల నోట చెట్ల పేర్లు వినడానికి జలపాతమే కావాలా?

తిరిగివచ్చిన మరునాడు మా అమ్మాయి వీధి చివర చెట్టు క్రింద ఆగి, “నానమ్మా, ఇదేం చెట్టు?” అని అడిగింది. “కానుగ” అన్నది అమ్మ. పదేళ్ళుగా దాని నీడలోనే మేము బస్సు కోసం ఎదురుచూస్తున్నాము.