ఫోటోకి ముందు ఒక మాట
హైదరాబాదు వెళ్తే లాడ్ బజార్ చూడకుండా రాలేం. చార్మినార్ పక్కనే, వీధి పొడవునా లక్క గాజుల తళతళలు! ఫోను ఎటు తిప్పినా ఫోటో బాగానే వస్తుంది. ఆ ఫోటోల్లో బొగ్గుల సెగ మాత్రం కనపడదు. ఆ సెగకు లక్కను మెత్తబరిచి, వేడి ఆరకముందే గాజుగా చుట్టి, రాళ్లు ఒక్కొక్కటే అద్దుతారు. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అలా పని చేస్తున్నవాళ్లు కనిపిస్తే, అడక్కుండా ఫోటో తీయడం నాకు నచ్చదు. మన మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం ముందు కూర్చున్న అక్కను ఎవరో అలా తీసుకెళ్తే మనకెలా ఉంటుంది? "తియ్యొచ్చా అన్నా?" అని ఒక్క మాట అడగండి. వద్దంటే ఫోను దించేయండి. సరేనంటే తీసింది వాళ్లకీ చూపించండి. గాజులు కొంటే, బేరం కాస్త చూసి ఆడండి.