మందు మనది, మాట పరులది

హత్నూర మండలమందలి బొర్పట్ల, గుండ్లమాచనూరు గ్రామముల మీదుగా పోవు బాటసారికి ఎత్తైన ప్రహరీలును, కావలివారు నిలిచిన ఇనుప తలుపులును, షిఫ్టు మారువేళ బారులుతీరిన బస్సులును కానవచ్చును. పటాన్‌చెరు మొదలుకొని సంగారెడ్డి, హత్నూరల దాక వ్యాపించిన ఈ పారిశ్రామిక ప్రాంతము లోకమునకు మందులకొట్టు వంటిది. ఇచ్చటి కర్మాగారములలో సిద్ధమగు మూలద్రవ్యములు సముద్రములు దాటి పరదేశములలోని రోగుల బాధలను తీర్చుచున్నవి. ఇది తలచినపుడెల్ల మాకు గర్వము కలుగుచున్నది. కాని యీ ప్రాంతముననే ఒక కూలివాడు మూర్ఛవచ్చి బాటపై పడినచో, చుట్టును చేరినవారు చేయు మొదటి పని యేమి? అతని పిడికిట తాళపుచెవుల గుత్తి నుంచుట. మందు పుట్టినచోట మందును గూర్చిన జ్ఞానము పుట్టలేదు. మా గర్వమును సిగ్గుగా మార్చుచున్న విషయమిది.

స్వదేశీ యనగా వస్తువును మన చేతులతో చేసికొనుట మాత్రమే యని మన పెద్దలు తలపలేదు. 1901లో ఆచార్య ప్రఫుల్లచంద్ర రే కలకత్తాలో బెంగాల్ కెమికల్ సంస్థను నెలకొల్పినపుడు, మందుతోపాటు శాస్త్రజ్ఞానము కూడ దేశీయుల సొత్తు కావలెనని ఆశించెను. 1961లో స్థాపితమైన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ అను ప్రభుత్వసంస్థ హైదరాబాదు చెంత బాలానగరమున కర్మాగారమును నిర్మించెను. అచ్చట పని నేర్చినవారు పలువురు తరువాత సొంత సంస్థలు పెట్టిరి. 1970 నాటి పేటెంటు చట్టము వారికి దారి చూపెను. ఇట్లు చేతిపని మనకు దక్కినది. తెలివిడి మాత్రము ఇంకను పరభాషలోనే బందీయై యున్నది.

దృష్టాంతమునకు ఒక్క మందును తీసికొందము. గాబాపెంటిన్ అనునది మూర్ఛలకును, నరముల పోటుకును వాడుకలోనున్న ఔషధము. అమెరికా ప్రభుత్వము దీనిని 1993లో కొన్ని తరహాల మూర్ఛలకు ఇతర మందులతో జోడించి వాడుటకును, 2002లో సర్పి తగ్గినపిదప మిగులు నరముల మంటకును అనుమతించెను. మధుమేహులకు అరికాళ్లలో కలుగు మంటకు కూడ మన వైద్యులు దీనిని వ్రాయుచున్నారు. చౌటుప్పలు చేరువనున్న లింగోజిగూడెమునను, భీమిలి చేరువనున్న చిప్పాడయందును కర్మాగారములు గల దివీస్ సంస్థకు ఇది ప్రధానమైన ఉత్పత్తులలో నొకటి. తెలుగువారి చేతిమీదుగా లోకమునకు పోవుచున్న మందని దీనిని నిస్సంశయముగ చెప్పవచ్చును.

ఈ మందు అమెరికాలో రోగి చేతికి వచ్చునపుడు దానివెంట ఒక మార్గదర్శక పత్రము రావలయునని అచ్చటి నియమము. ఎట్లు మ్రింగవలయును, దేనితో కలుపరాదు, ఏ లక్షణము కనబడినచో వైద్యుని పిలువవలయును అను సంగతులన్నియు సామాన్యునకు తెలియు మాటలలో అందు వ్రాసియుండును. అదే మందు మన సంగారెడ్డి అంగడిలో చేతికి వచ్చునపుడు వెంట వచ్చునదేమి? స్ట్రిప్పు వెనుక ఆంగ్లమున చీమలబారువలె అచ్చైన అక్షరములు. దుకాణములోని కుఱ్ఱవాడు కత్తెరతో కత్తిరించి యిచ్చిన ముక్కపై ఆ అక్షరములును సగము తెగియుండును. పరదేశపు రోగికి తన భాషలో పలుకు మందు, తెలుగు రోగి యెదుట మూగదగుచున్నది.

ఆ మూగమందు చెప్పవలసిన మాటలలో ముఖ్యమైనవానిని మేమే యిచ్చట చెప్పుచున్నాము. మొదటిది: ఈ మందును హఠాత్తుగా మానరాదు. నెలరోజులు మూర్ఛ రాలేదు గనుక రోగము పోయినదని తలచి మానివేయుటయు, సంతకు పోయి తెచ్చుకొందములే యని నాలుగు దినములు గడుపుటయు మన పల్లెలలో సాధారణము. ఇట్లు ఒక్కసారిగా మానినచో మూర్ఛలు మునుపటికంటె తీవ్రముగ, ఒకటి వెంట నొకటిగ రావచ్చును. మానవలసివచ్చినచో వైద్యుని సలహాపై కనీసము ఒక వారమునకు తక్కువ గాకుండ కొంచెము కొంచెముగ తగ్గింపవలయును. ఒక పూట మరచినచో జ్ఞప్తికి వచ్చినపుడు వేసికొనవచ్చును గాని, మరుసటి పూటది దగ్గరపడినచో రెండింటిని కలిపి మ్రింగరాదు. మూర్ఛకై దినమునకు మూడుమార్లు వాడువారికి రెండు మోతాదుల నడుమ పండ్రెండు గంటలకు మించి వ్యవధి ఉండరాదు.

రెండవది: ఈ మందు శరీరములో మార్పు చెందక మూత్రపిండముల ద్వారా వెలికి పోవును. కావున మూత్రపిండములు చెడినవారికి మోతాదు తగ్గింపవలయును. పొరుగింటి ముసలివానికి 300 మిల్లీగ్రాముల గొట్టము పనిచేసినదని తన తండ్రికి అదే కొని యిచ్చు కుమారుడు భక్తిచేతనే అపకారము చేయుచున్నాడు. దీర్ఘకాలముగ మధుమేహమున్నవారికి అరికాళ్ల మంటయు, మూత్రపిండముల దౌర్బల్యమును తరచు కలిసియుండునని మరువరాదు. అల్యూమినియమ్, మెగ్నీషియమ్ చేరిన కడుపుమంట మందులను త్రాగినవారు రెండు గంటలు ఆగి దీనిని వేసికొనవలయును. లేనిచో ఇది చాలినంత ఒంటబట్టదు.

మూడవది: ఇది మగతను, తల తిరుగుటను కలిగించును. రాత్రి షిఫ్టులో యంత్రముకడ నిలుచువాడును, తెల్లవారుజామున మోటారుసైకిలుపై ముంబయి రహదారి పట్టువాడును, ఈ మందు తన శరీరమునకు ఎట్లుండునో తెలియువరకు వానికి దూరముగ ఉండవలయును. నిద్రలేమియే మూర్ఛలను రేపునని కూడ ఎఱుగవలయును. మూర్ఛమందులు వాడు కొందరికి మనస్సు క్రుంగి ఆత్మహత్యాభావములు కలుగవచ్చునని అమెరికా ఔషధ శాఖ 2008లో హెచ్చరించెను. అట్టి మార్పు కనిపించినచో ఇంటివారు దానిని దయ్యమనక, పిచ్చియనక, వెంటనే వైద్యునకు చెప్పవలయును.

నాలుగవది మన ప్రాంతమునకు మిక్కిలి ముఖ్యము. శ్వాసను మందగింపజేయు ఇతర పదార్థములతో గాబాపెంటిన్ కలిసినచో ప్రాణాపాయము కలుగవచ్చునని 2019 డిసెంబరులో అదే శాఖ ప్రకటించెను. నల్లమందు జాతి నొప్పిమందులు, నిద్రమాత్రలు, సారాయి ఇట్టివి. వృద్ధులకును, ఊపిరితిత్తుల వ్యాధిగలవారికిని ఆ భయము మరింత హెచ్చు. మన జిల్లాలలో కల్లుదుకాణముల చరిత్ర తెలిసినవారికి ఇందలి అపాయమును విప్పిచెప్పనక్కరలేదు. కల్లులో ఆల్ప్రాజోలమ్, డయాజిపామ్ వంటి నిద్రమందులను కలుపు దురాచారము తెలంగాణమును ఏండ్ల తరబడి పీడించుచున్నది. 2015లో అధికారులు కల్తీకల్లును అరికట్టగా, నిజామాబాదు మొదలగు జిల్లాలలో దానికి అలవాటుపడిన బీదలు మూర్ఛలతోను, మతిభ్రమతోను ఆసుపత్రుల పాలైరి. తాను త్రాగినది కల్లో, కల్లు రూపమున నున్న నిద్రమాత్రయో ఎఱుగని కూలివాడు సాయంకాలము ఇంటికి వచ్చి నరముల పోటుకై ఈ గొట్టమును మ్రింగినచో జరుగునదేమో తలచుటకే మాకు భయమగుచున్నది. వైద్యుని యెదుట కల్లు అలవాటును దాచువాడు తన ప్రాణమును దాచుకొనలేడు.

నొప్పి యన్నవారికెల్ల ఈ మందునిచ్చు ఆరెంపీలకును, చీటీ లేకయే అమ్ము దుకాణదారులకును ఒక చరిత్రను జ్ఞాపకము చేయుచున్నాము. ఈ మందును తొలుత విక్రయించిన వార్నర్ లాంబర్టు సంస్థ, అనుమతి లేని రోగములకు కూడ దీనిని వైద్యులచే వ్రాయించుటకై ప్రచారము చేసెను. అందు కొలువుచేసిన డేవిడ్ ఫ్రాంక్లిన్ అను శాస్త్రజ్ఞుడు 1996లో న్యాయస్థానమున దానిని బయటపెట్టెను. తుదకు 2004లో ఆ వ్యవహారము 43 కోట్ల డాలర్ల చెల్లింపుతో ముగిసెను. ఈ మందును దీని సోదరియగు ప్రిగాబాలిన్‌తో సహా దుర్వినియోగము చేయువారు పెచ్చుపెరుగగా, 2019 ఏప్రిల్‌లో బ్రిటను ఆ రెండింటిని నియంత్రిత ద్రవ్యముల పట్టికలో చేర్చెను. అమ్మువాని మాట వైద్యుని మాట కాజాలదు.

ఇదంతయు చదివి మందునకే భయపడువారు కలరేమో! మా యుద్దేశ్యము అది కాదు. లోకమున ఇంచుమించు 5 కోట్లమంది మూర్ఛరోగులు కలరనియు, సరియైన చికిత్స దొరకినచో వారిలో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేక జీవింపగలరనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. గాబాపెంటిన్ ఒక్కటియే మందు కాదు. కొన్ని తరహాల మూర్ఛలను ఇది హెచ్చింపవచ్చును గూడ. ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్, కార్బమజెపైన్, వాల్‌ప్రోయేట్ అను చౌకమందులును కలవు. వానికిని వాని వాని జాగ్రత్తలు కలవు. గర్భవతులు వాల్‌ప్రోయేట్ వాడుట శిశువునకు హానికరము. అయినను వైద్యుని అడుగక తామై మానుట తల్లికి అపాయకరము. ఎవరికి ఏది తగునో నిర్ణయించుట వైద్యుని పని. నిర్ణయమైనదానిని తప్పక వాడుట రోగి పని. అది తప్పకుండునట్లు చూచుట దేశము పని.

మూర్ఛవచ్చినవాని చేత ఇనుమునుంచుటవలన మూర్ఛ ఆగదు. అది రెండు మూడు నిమిషములలో సాధారణముగ తనంత తానే ఆగును గనుక ఇనుమునకు కీర్తి వచ్చినది. అతనిని ప్రక్కకు ఒత్తిగిలజేసి, తలక్రింద మెత్తని గుడ్డనుంచి, మెడకడ బిగుతును వదలింపుడు. నోట ఏమియు పెట్టకుడు, నీరు పోయకుడు, కాలుసేతులను అదిమిపట్టకుడు. అయిదు నిమిషములు మించినను, స్మృతి రాకమునుపే మరల వచ్చినను 108 వాహనమును పిలువుడు. వైద్యము పొందుచున్న మూర్ఛరోగి పెండ్లికిని, కొలువునకును పనికిరాడనుట అజ్ఞానము. వివాహచట్టములు మూర్ఛను దోషముగ చూచుటను 1999లోనే మానినవి; సంఘము ఇంకను మానలేదు.

ఇక మా కోరికలు. మూర్ఛమందు అమ్ము ప్రతి దుకాణమునను తెలుగుననచ్చైన సూచనపత్రము మందువెంట రోగి కందవలయును. బీహారు, ఒడిషాలనుండి వచ్చి యిచ్చట చెమటోడ్చు శ్రామికులకు వారి వారి భాషలలో అది దొరకవలయును. చీటీ లేక అమ్మరాదను నియమము స్ట్రిప్పుపై అచ్చునకు పరిమితము గాక అంగడిలో అమలుజరుగవలయును. సర్కారు ఆసుపత్రులలో మూర్ఛమందుల సరఫరా ఒక్క వారమైనను ఆగరాదు. ఈ మందులకు సరఫరా ఆగుట యనగా హఠాత్తుగా మానుటయే. 2022లో సంగారెడ్డిలో వైద్యకళాశాల వెలసినది. అందలి విద్యార్థులు నెలకొక్క దినము హత్నూర పల్లెలకు పోయి యీ సంగతులు చెప్పినచో, పాఠ్యపుస్తకములు నేర్పలేని వైద్యము వారికిని అలవడును. మందులు చేయు సంస్థలకును మేము విన్నవించుచున్నాము: పరదేశపు రోగికై మీరు ఆంగ్లమున ముద్రించు పత్రమును మీ ప్రహరీకి ఆవలనున్న రోగికై తెలుగున ముద్రించుట భారమగునా?

తన చేతులతో చేసిన మందును తన భాషలో తెలిసికొనలేని జాతికి స్వదేశీ సగమే సిద్ధించినది. మిగిలిన సగమును సాధించుటకు ఫిరంగులు అక్కరలేదు, ఉద్యమములు అక్కరలేదు. ఒక చిన్న కాగితము, దానిపై తెలుగులో పది మాటలు చాలును. ఆ కాగితము హత్నూర రోగి చేతికి వచ్చిననాడు తాళపుచెవుల గుత్తి తలుపు తీయుటకు మాత్రమే పనికివచ్చును.